బొమ్మ చొక్కా గుండీ

బొమ్మ చొక్కాకి రెండో గుండీ మళ్ళీ ఊడింది. ఊడదా మరి, వచ్చినవాళ్ళంతా నొక్కేది అక్కడే కదా. శిక్షణ గదిలో బల్లమీద వెల్లకిలా పడుకుని ఉండే ఆ రబ్బరు మనిషికి ఆమె తన భర్త పాత గళ్ళ చొక్కా తొడిగింది. ఆయన గుండె ఆగినప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఏం చెయ్యాలో తెలియక మొహాన నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఆ తరవాతే ఈ ఆసుపత్రిలో, ఆగిన గుండెని ఛాతీమీద నొక్కి ఆడించడం సిబ్బందికి నేర్పే ఈ పని అడిగి మరీ తీసుకుంది.

సూదిలోకి దారం ఎక్కిస్తూనే కంప్యూటరు వైపు చూసింది. పెద్ద హంగేమీ లేదు, ఉత్త అక్షరాల ఫైలు. సిబ్బందిలో మనిషికో వరస, ముందు 'చెయ్యాలి', చివర తేదీ. బొమ్మమీద నొక్కి చూపించినవాళ్ళ వరసలో 'అయింది' అని కొడితే, తేదీ దానంతటదే ఆరు నెలలు ముందుకు జరిగి, మళ్ళీ 'చెయ్యాలి' అని కూర్చుంటుంది. "దీనికి చావు లేదు" అని నవ్వేది ఆమె. గడువు దాటిన వరసలు ఎర్రబడతాయి. ఆ వరసలవాళ్ళని చెవిలో జోరీగలా వెంటపడి వదిలేది కాదు.

"చేసినట్టు రాసెయ్యమ్మా" అన్నాడోసారి పెద్ద సర్జను.

"నేను రాసినా బొమ్మ ఒప్పుకోదండీ" అంది. ఆయన విసుక్కుంటూనే వచ్చి, చెమటలు కక్కుతూ నొక్కి వెళ్ళాడు. ఆవిడకి బొమ్మలత్త అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకుంది.

ఇవాళ ఎర్రగా మిగిలింది ఒక్కటే, అదీ తమ్ముడి భార్యది. బిల్లుల కౌంటర్లో ఆ పిల్లని చేర్పించింది కూడా ఆమే. రేపు వస్తానంటే నమ్మి, ఇప్పటికే చాలాసార్లు గడువు వారం చొప్పున పొడిగించింది.

మరదలు గుమ్మంలోంచే తల లోపలికి పెట్టింది. "వదినా, అక్కడ జనం ఉన్నారు. ఈసారికి రాసెయ్యి. బిల్లులు కొట్టేదాన్ని, నాకెందుకు ఈ గుండెలు నొక్కడాలు?"

"రెండు నిమిషాల పనే తల్లీ."

"బయటివాళ్ళతో ఉన్నట్టే ఇంట్లోవాళ్ళతోనూ ఉంటావా?"

ఆమెకున్నది తమ్ముడింట్లో ఓ మూలగది, వేళకింత అన్నం. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె సూదిని బొమ్మ కాలరులో గుచ్చి, మరదలి వరసలో 'అయింది' అని కొట్టింది. తేదీ ఆరు నెలలు ముందుకు గెంతింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. అలా లాగితే ఏమిటో ఊరందరికీ చెప్పే మనిషి, తన భుజాన్ని మాత్రం నిద్ర చాలకేనని సరిపెట్టుకుంది.

మధ్యాహ్నం మరదలు మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి ఆమె బిల్లుల కౌంటర్ వెనక్కి వెళ్ళింది. జనం పలచబడ్డారు. డబ్బా బల్లమీద పెట్టి, కూర్చోబోయి, నేలమీదికి ఒరిగిపోయింది.

మరదలు "ఎవరన్నా రండి" అని కేకపెట్టి, పక్కన మోకాళ్ళమీద కూలబడింది. చేతులు ఛాతీమీద పెట్టింది. ఇక్కడ కాదేమోనని పొట్టమీదికి జరిపింది. భయపడి తీసేసింది. చివరికి సీసా మూత తిప్పి వదిన మొహాన నీళ్ళు చల్లింది. చల్లుతూనే ఉంది.

అవతలి బ్లాకునుంచి నర్సులు పరుగెత్తుకొచ్చారు. ఆమె నేర్పినట్టే నొక్కారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది పాపం" అని ఎవరో గొణిగారు. మరదలు విని తల దించుకుంది.

సాయంత్రం మరదలు, వదిన చేతిసంచీ కోసం శిక్షణ గదికి వచ్చింది. తెరమీద ఎరుపు మచ్చుకైనా లేదు. తన వరస ఆరు నెలల తరవాతి తేదీతో బుద్ధిగా కూర్చుంది. బొమ్మ దగ్గరికి వెళ్ళి, రెండు అరచేతులూ దాని ఛాతీమీద ఆనించి నిలబడింది. చెయ్యి పట్టుకుని చోటు చూపించే మనిషి లేదు. సంచీ తీసుకుని, దీపం ఆర్పి వెళ్ళిపోయింది.

గళ్ళ చొక్కా కాలరులో దారం ఎక్కించిన సూది అలాగే ఉంది, బల్లమీద గుండీ.