ముసలి గొర్రెకు ముందు సూది

మారెక్క మాట ఆ గుట్ట కింది పల్లెలో గొర్రెలకే కాదు, మనుషులకూ చెల్లుబాటయ్యేది. గొర్రె చెవి పట్టుకుని చూసి, అది రేపు మేతకు లేస్తుందో లేదో చెప్పేది. చెప్పింది చెప్పినట్టు జరిగేది కూడా. దాంతో ఆమెకు కాస్త పొగరు ఎక్కువే అనుకోండి. గొర్రెలు తెలిసినవాళ్లకు లోకమంతా తెలిసినట్టేనని ఆమె నమ్మకం. డెబ్భైలనాటి ఆ కరువు వేసవిలో ఊళ్లోకి వాంతిభేది దిగిన రోజున, ఆ పొగరు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

బావులన్నీ ఎండిపోయి, వంకలో తవ్విన చెలమ ఒక్కటే మిగిలింది. ఊరంతా ఆ నీళ్లే ముంచుకునేది. పొద్దున మారెక్కకు పొయ్యిలోకి నిప్పు ఇచ్చిన ఎదురింటి వెంకటలక్ష్మమ్మ, మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని గోడకు చేరగిలబడింది. పొద్దు వాలేసరికి ఆమెను నలుగురు మోసుకుపోయారు. మొగుడు బయ్యన్న ఏడవడం కూడా మరిచిపోయి అరుగు మీద కూర్చుండిపోయాడు.

మారెక్క గుడిసె తలుపు వేసి, మనవరాలు చౌడిని ఒళ్లోకి లాక్కుంది. చౌడికి ఐదేళ్లు. కొడుకు లింగప్ప, కోడలు ఆంజినమ్మ మందను తోలుకుని పచ్చిక వెతుక్కుంటూ కన్నడ సీమకు పోయారు. పోయేటప్పుడు కోడలు ఒక్క మాటే అంది. "అత్తా, పిల్ల నీ చేతిలో ఉండాది." ఆ మాట ఇప్పుడు మారెక్క గుండెల మీద రోకలిలా దిగింది.

మరునాడు రాయదుర్గం నుంచి జీపు వచ్చింది. నాగలక్ష్మమ్మ అనే నర్సమ్మ దిగి, చావడి ముందు స్టవ్వు వెలిగించి సూదులు ఉడకబెట్టింది. చావు భయం ఒకవైపు, సూది భయం ఒకవైపు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఎవరూ ముందుకు కదల్లేదు. అందరూ మారెక్క మొహం చూశారు.

దానికి కారణం ఉంది. పోయిన ఏడాది మారెక్క మందలో చిటుక రోగం దిగింది. అప్పుడామె పశువుల డాక్టరును పిలిపించి అన్ని గొర్రెలకూ సూది వేయించింది. తెల్లారి చూస్తే దొడ్డిలో సగం గొర్రెలు కాళ్లు చాపి పడి ఉన్నాయి. అవి రోగంతోనే పోయాయని డాక్టరు ఎంత చెప్పినా ఆమె వినలేదు. అప్పటినుంచి రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. రోగం దిగినాక సూది వేయించకూడదు. వేయించక తప్పకపోతే ముందు ముసలి గొర్రెకు వేయించి, అది మరునాడు మేతకు లేస్తేనే పిల్లలకు వేయించాలి. ఊరు ఊరంతా అదే పాటిస్తోంది.

"ఏమక్కా, పిల్ల చెయ్యి ఇట్ల చూపీ," అంది నర్సమ్మ.

"ఊర్లో రోగం దిగినాక సూది ఏస్తే బతుకుతారా?"

"దిగింది ఊర్లో. ఈ బిడ్డ కడుపులో దిగలేదు గదా. దిగకముందే ఎయ్యల్ల."

"దిగలేదని నీకెట్ల తెలుసు?"

నర్సమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. "నాకు తెలీదు," అంది. "సూది ఏస్తే అసలు రానే రాదనీ చెప్పను. అది పని చేసేదానికీ కొన్ని దినాలు పడతాది. లేనిదానికన్నా మేలు. అంతవరకూ నీళ్లు కాంచుకోనే తాగల్ల. ఆ మాట మాత్రం మరవద్దండి."

మారెక్క చౌడి వంక చూసింది. పిల్ల చెవి పట్టుకుంది, వెచ్చగానే ఉంది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది, నాలుక చూసింది. చౌడి కితకితలు పెట్టినట్టు నవ్వింది. ఆ నవ్వు చూశాక మారెక్క పిల్ల చేతిని తన కొంగు కింద దాచింది. ఈ చేతిని సూదికి అప్పగించి, తెల్లారి ఆ దొడ్డిలాగే ఉంటే?

"ముందు నాకెయ్యి," అంది. "రేప్పొద్దున నేను లేస్తే పిల్లకేద్దువు."

"రేపు మేం ఈడ ఉండం. పెద్దూరు బడికాడ ఉంటాం."

"ఆడికే మోసుకొస్తా."

నర్సమ్మ ఎంత బతిమాలినా ఆమె వినలేదు. ముసలి గొర్రె ముందు. అంతే. ఊళ్లో మిగతావాళ్లు కూడా ముసలివాళ్లనే ముందుకు తోశారు.

పొద్దు గుంకకముందే మారెక్క చెయ్యి బూరెలా పొంగింది. ఒళ్లు పెనంలా కాలింది. సూది వేసినవాళ్లకు ఒకరోజు జ్వరం వస్తుందని నర్సమ్మ చెప్పే ఉంది. కానీ భయం చెప్పే మాటల ముందు నర్సమ్మ మాట ఏపాటి? చచ్చిపోతున్నాననే అనుకుంది మారెక్క. తన చావుకు ఆమె భయపడలేదు. తలుపు వేసిన గుడిసెలో పీనుగ పక్కన చౌడి ఒక్కతే ఉండిపోతుందే అని భయపడింది.

"నేను లేయకపోతే బయ్యన్న మామను పిలువు," అంది మూలుగుతూ.

చౌడి ఏడుపు మొహంతో తల ఊపింది. మారెక్క నాలుక ఎండిపోయి, నీళ్లు, నీళ్లు అని కలవరించింది. ఎవరో చెంబు నోటికి అందించారు. తాగింది. ఆ తర్వాత ఆమెకు ఏమీ తెలియలేదు.

తెల్లారింది. ఒళ్లంతా చెమట. జ్వరం లేదు. మారెక్క లేచి నిలబడి, తన కాళ్లను తనే నమ్మలేక గుడిసెలో అటూ ఇటూ నడిచింది. ముసలి గొర్రె లేచింది! సూది మంచిదే! గబగబా చౌడిని చంకనేసుకుని పెద్దూరి దారి పట్టింది. వాచిన చెయ్యి సలుపుతున్నా లెక్క చేయలేదు.

వంక దాటారో లేదో, "అవ్వా, కడుపు," అంది చౌడి. అంటూనే మారెక్క భుజం మీద వాంతి చేసుకుంది. వెంటనే భేది. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. మారెక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం తిన్నావే?"

"ఏం తిన్లేదు. నీకు నీళ్లిచ్చి నేనూ తాగినా."

"యాడి నీళ్లు?"

"వాకిట్ల కుండలోవి. పొయ్యి మీదివి అయిపోయినాయి గదా."

వాకిట్లో కుండవి చెలమ నీళ్లు, కాచనివి. సూది తనను చంపలేదు. తను పడుకోవడమే కొంప ముంచింది. మారెక్క పరిగెత్తింది. పరిగెత్తుతూ చౌడి చెవి పట్టుకుంది. చల్లగా ఉంది. గొర్రె చెవి అలా చల్లబడితే ఆ తర్వాత ఏమవుతుందో తెలియని మనిషైతే ఎంత బాగుండేది! ఉన్న దేవుళ్లనందరినీ పిలిచింది, తిట్టింది, మళ్లీ కాళ్లు పట్టుకుంది.

బడి దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లను తోసుకుంటూ పోయి, పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది.

"ఎయ్యి నర్సమ్మా! చూడు, నేను బతికినా! సూది మంచిదే! ఎయ్యి!"

నాగలక్ష్మమ్మ చౌడి పొట్ట మీది చర్మం గిల్లి వదిలింది. అది గిల్లినచోటే నిలబడిపోయింది. కళ్లు లోతుకు పోయాయి. నర్సమ్మ సూదుల గిన్నె పక్కకు జరిపింది.

"రోగం దిగినాక ఆ సూది ఎయ్యగూడదక్కా," అంది.

ఊరంతటికీ తను నేర్పిన మాటే. మారెక్క అక్కడే నేల మీద కూలబడింది.

"లెయ్. కూర్చుంటే పనికాదు. సెలైన్ ఎక్కియ్యల్ల. బిడ్డను కదలకుండా పట్టుకో."

ఎన్ని గొర్రెలను మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుందో లెక్కలేదు. ఈ పుల్లలాంటి చేతిని పట్టుకోవడానికి మాత్రం చేతులు చాలలేదు. నరం దొరక్క నర్సమ్మ మళ్లీ మళ్లీ పొడిచింది. చౌడి నోరు తెరిచి ఏడ్చింది. గొంతు రాలేదు. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"చూసినావా, కన్నీళ్లు రాలేదు," అంది నర్సమ్మ. "ఒంట్లో నీళ్లు లేవు. ఏడిస్తే కన్నీళ్లు రావల్ల. వస్తే ఆశ ఉండాది."

చివరికి నరం దొరికింది. బడి కిటికీ చువ్వకు సీసా కట్టారు. మారెక్క ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ, ప్రతి చెంచాకూ పిల్ల కళ్లు చూసింది. పిల్ల వాంతి చేసుకుంటే మూతి తుడిచి మళ్లీ పోసింది. మనవరాలు ఏడిస్తే ఓర్చుకోలేని ముసలిది ఆ రోజు, "ఏడువు తల్లీ, ఏడువు," అని ప్రాధేయపడింది. ఏడిచే ఓపిక కూడా పిల్లకు లేదు.

మొదటి సీసా అయిపోయి రెండోది సగానికి వచ్చేసరికి బడి నీడ రోడ్డు మీదికి పాకింది. చౌడి కళ్లు మూసుకుని ఉంది. మారెక్కకు ఇంక ఆగబుద్ధి కాలేదు. పుట్టినప్పటినుంచి ఒక్క దెబ్బ వేయని పిల్లను, తొడ మీద గట్టిగా గిల్లింది.

చౌడి కెవ్వుమంది.

"ఎందుకు గిల్లినావవ్వా?" అంటూ ఏడ్చింది.

మారెక్క పిల్ల చెంప మీద వేలితో తుడిచి, ఆ తడి వేలిని నర్సమ్మకు చూపించింది.