డ్రైవర్ వేసిందెవరు

"నంద్యాల అంగడాయన ఈ కంప్యూటర్ అంటగట్టి మోసం చేసినాడు నాయనా," అంటూ హరీష్ మౌస్‌ను బల్ల మీదికి విసిరేశాడు. "ఈ లినక్స్ ఏం కాపీ చేయబోయినా కుదరదంటాంది. గ్రాఫిక్స్ కార్డు దండగ."

ఆళ్లగడ్డలో వాళ్ల నాయన సంజీవయ్యది శిల్పాలు చెక్కే షెడ్డు. సాయంత్రం రుద్రవరం నుంచి గుడివాళ్లు నంది బొమ్మ చూడ్డానికి వస్తున్నారు. చెల్లెలు సుప్రజ కంప్యూటర్‌లో గీసిన ఆ నంది తెర మీద మొరాయిస్తోంది. దాన్ని సాఫీగా తిప్పి చూపినవాళ్లకే ఇకమీద కంప్యూటర్ పని, రెండోవాళ్లకు రాళ్ల పాలిషు అని సంజీవయ్య చెప్పేశాడు.

హరీష్ టీకి పోయాక సుప్రజ కూర్చుంది. అన్న కొట్టిన కమాండ్లన్నీ మామూలు లినక్స్‌వి. ఈ కంప్యూటర్‌లోది లోపలి ఫైళ్లను ముట్టుకోనివ్వని రకం లినక్స్. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, కలిపిన కొత్త సిస్టమ్‌ను పక్కన తయారు చేసుకుని, రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ అందులోకి మారుతుంది. పొద్దున ఆ మాట చెప్పబోతే "ఏందిమే, నాకే చెప్తాండావ్?" అన్నాడు.

కంపెనీ డ్రైవర్ కలిపి, రీస్టార్ట్ చేసింది. నంది గిర్రున తిరిగింది.

"ఎవరప్పా చేసింది?" సంజీవయ్య లోపలికి వచ్చాడు.

"నేనే నాయనా," వెనకనుంచి హరీష్. "పోతా పోతా డ్రైవర్ ఎక్కేదానికి పెట్టిపోయినా. ఇప్పుడైనట్టుంది."

"మంచిది. పాపా, నువ్వు పాలిషు చూసుకో."

సుప్రజకు ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే ఆమెకు మాట రాదు, కన్నీళ్లే వస్తాయి. అవి చూసి అందరూ ఓదారుస్తారు. అది ఇంకా మంట.

ఆమె పోలేదు. మళ్లీ రీస్టార్ట్ చేసి, మొదట వచ్చే మెనూలో పాత సిస్టమ్‌ను ఎంచుకుంది. ఈ రకం సిస్టమ్ పాతదాన్ని పారేయదు. నంది మళ్లీ మొరాయించింది.

"ఏం చేసినావ్‌మే?" అన్నాడు హరీష్.

"డ్రైవర్ లేని పాతదానికి పంపినా." కళ్లు తుడుచుకుంది. "నువ్వేసిందే కదన్నా. తిరిగి తీసుకురా."

హరీష్ కూర్చుని పొద్దుటి కమాండ్లే కొట్టాడు. కుదరదన్న పొద్దుటి మాటే తెర మీద వచ్చింది. బయట గుడివాళ్ల జీపు ఆగింది. సంజీవయ్య కొడుకు చేతుల వైపే చూస్తున్నాడు.

"నీకు రాదురా. లెయ్," అన్నాడు చివరికి.

సుప్రజ కూర్చుని, రీస్టార్ట్ చేసి కొత్తదానికి మార్చింది. నంది తిరిగింది.

"నువ్వేనా పాపా చేసింది? ముందే చెప్పొద్దా?"

"నువ్వు నన్ను అడిగినావా నాయనా?"

ఓదార్చడానికి ఆయన భుజం మీద చెయ్యి వేయబోతే సుప్రజ పక్కకు జరిగింది.