ఫూలతి పాట వేసిన బండిచాళ్లు

పొద్దున్నే వాకిలి అలికి, పశువులకు కుడితి పెట్టాక, ఫూలతి పాడుకోవడానికి ఊరి బయటికి పోయేది. ఇంట్లో పాడితే అత్త ఊరుకోదు. ఫూలతి గొంతెత్తితే చాలు, ఆమె పాదాల దగ్గర మొదలై రెండు బండిచాళ్లు పడేవి. వానాకాలంలో బరువుబండి నడిచిపోయినట్టు జానెడు లోతున ఉండేవి. అలికిన వాకిలి కాస్తా గోతులయ్యేది.

తోర్సా నది పక్క పల్లెల్లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు, పైగా వాడుకున్నారు. జనుము చేలో నీళ్లు నిలిస్తే పొరుగింటి ఖగేన్ వచ్చి పిలుచుకుపోయేవాడు.

"ఆ మూల నిలబడి, మొహం వాగువైపు పెట్టి అందుకో తల్లీ. పొట్టిపాట వద్దు, చేను పొడుగుంది."

ఆమె పాడేది భవాయియా. మా వైపు బండివాళ్ల పాట. తండ్రి పొగాకు బండి తోలుకుంటూ సంతకు పోతుంటే, పక్కన కూర్చుని నేర్చుకుంది. చక్రం గోతిలో పడినప్పుడల్లా పాడేవాడి గొంతు విరిగి పైకి లేస్తుంది. ఆ విరుపు లేకపోతే అది భవాయియా కాదు. తండ్రి పోయాడు, బండి అమ్మేశారు, సంతదారికి తారు వేశారు. విరుపు మాత్రం ఫూలతి గొంతులో ఉండిపోయింది.

ఆమెకు రేడియోలో పాడాలని పట్టుదల. రేడియోలో పేరు వినపడితే తప్ప ఆడదాన్ని జాతర వేదిక ఎక్కనిచ్చేవాళ్లు కాదు. పట్నంలో గొంతు పరీక్ష పెట్టేవారు. రెండుసార్లు తప్పితే ఇక తలుపు మూసుకున్నట్టే.

మొదటిసారి వెళ్లినప్పుడు పరీక్షించినవాడు ప్రమథబాబు. పేరున్న గాయకుడు, మెత్తని మనిషి. మొదటి విరుపు దగ్గరే చెయ్యెత్తి ఆపేశాడు. నేల మీద బండిచాలు పడేంత వ్యవధి కూడా లేకపోయింది.

"గొంతు బాగుందమ్మా, కానీ మధ్యలో పగులుతోంది. మందు పుచ్చుకో. సాఫు చేసుకుని మళ్లీ రా."

ఫూలతి సాఫు చేసుకుంది. వేణ్నీళ్లు, అల్లం, తేనె. విరుపు వచ్చే చోట పళ్లు బిగించి దాటిపోవడం సాధన చేసింది. వర్షాలు పడేనాటికి ఆమె పాట ఎక్కడా తగలకుండా సాగిపోతోంది. నేల మీద గీత కూడా పడటం లేదు.

ఖగేన్ చేలో మోకాటి లోతు నీళ్లు. "ఇందాకట్నుంచి పాడుతున్నావు, చుక్క కదల్లేదు. నీ రేడియో నా జనుముని ముంచేసేలా ఉందే!"

వాకిలి పాడవడం లేదని సంతోషించాల్సిన అత్త కూడా మొహం చిట్లించింది. "ఇదేం పాటే? నూనె రాసిన గుమ్మడికాయలా జారిపోతోంది."

"రేడియోవాళ్లకు ఇలాగే కావాలట."

"అయితే ఆ గుమ్మడికాయనే పంపు. నువ్వెందుకు బస్సెక్కడం?"

ఫూలతికి ఒళ్లు మండింది. విసురుగా ఖగేన్ చేలోకి వెళ్లి నీళ్లలో నిలబడి తండ్రి పాట తండ్రిలాగే పాడింది. నీళ్లు చాళ్ల వెంట గలగలమంటూ వాగుకేసి పరుగెత్తాయి.

"ఇట్లాగే పాడతానత్తా," అంది ఇంటికి తిరిగొచ్చి.

"మళ్లీ తప్పిస్తే?"

"తప్పిస్తే చేలో పాడుకుంటా. ఎవరిదో గొంతు మోసుకుని అంతదూరం పోను."

రెండో పరీక్షకు అదే గది, అదే ప్రమథబాబు. ఫూలతి చేతులు కట్టుకుని నిలబడింది. "బాబూ, పాటయ్యాక తప్పించండి. మధ్యలో ఆపితే మాత్రం నేనాగను."

ఆయన నవ్వి సరేనన్నాడు. సంతకు పోయిన బండివాడి కోసం దుమ్ము చూసి పొద్దు లెక్కపెట్టుకునే ఆడదాని పాట ఎత్తుకుంది. చాప చీలింది, సిమెంటు నేల చీలింది. చాళ్లు రెండూ సూటిగా ప్రమథబాబు బల్ల కిందికి పోయాయి.

"పొద్దున్నే కడిగానమ్మా ఆ నేల!" అని తలుపు దగ్గర ఊడ్చే ఆవిడ నెత్తి కొట్టుకుంది.

ప్రమథబాబు కుర్చీ చాళ్లలోకి దిగి మెల్లగా నడవసాగింది. ఆయన టీ కప్పు పట్టుకుని కుదుపులు ఓర్చుకున్నాడు. చివరికి ఆపమనడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కుర్చీ గోతిలో పడింది. ఆయన గొంతు రెండుగా విరిగి, పై ముక్క వెళ్లి ఫూలతి శ్రుతిలో నిలబడింది. ఆ నోరు పాట అయ్యేదాకా మూతపడలేదు.

కుర్చీ గోడ దగ్గర ఆగింది. ఆయన అక్కడే కూర్చుని, కాయితం మోకాలి మీద పెట్టుకుని ఆమెను తీసుకున్నట్టు రాశాడు.

పంట కోతలప్పుడు ఫూలతి పాట మొదటిసారి రేడియోలో వచ్చింది. ఖగేన్ తన ట్రాన్సిస్టర్ తెచ్చి వాళ్ల వాకిట్లో పెట్టాడు. పాట మొదలవగానే పెట్టె ముందునుంచి రెండు చాళ్లు గడప దాకా వచ్చాయి.

"ఆ పెట్టె కాస్త వీధివైపు తిప్పవయ్యా," అంది అత్త, పేడనీళ్ల బాన పక్కకు జరుపుకుంటూ. ఫూలతి మెట్టు మీద కూర్చుని, వచ్చే జాతరకు పిలిచినవాళ్ల ముందు ఏ పాట ఎత్తుకోవాలా అని ఆలోచిస్తోంది.

ఆ వెంటనే ప్రమథబాబు పాట వచ్చింది. ఇన్నేళ్లూ జనం ఆయన పాట వింటూ కూరలు తరుక్కునేవాళ్లు. ఇప్పుడు ఒకచోట ఆయన గొంతు తొట్రుపడి, విరిగి, లేచింది. ఆయన మందు పుచ్చుకోలేదన్నమాట. పెట్టె ముందు దుమ్ములో వేలి మందాన రెండు గీతలు పడ్డాయి.

అత్త వంగి వాటిని పరీక్షగా చూసింది.

"ఎవరో కొత్తవాడల్లే ఉన్నాడు. పర్లేదు, నేర్చుకుంటాడు."