అవతలి కుట్టు

కాలువ ఇవతల తుమ్మితే అవతల చిరంజీవ అంటారు. అంత దగ్గర. తవ్వినవాడు పొలాలకు నీళ్ళివ్వడానికే తవ్వాడు గాని, మనుషుల్ని రెండు జాతులు చెయ్యడానికి కాదు పాపం. అయినా పెళ్ళయి ఇవతలికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంటి కోడలు "అవతలిది"గానే ఉండిపోయింది. గరిట పట్టినా వంకే, గుడ్డలు మడిచినా వంకే. అత్త చేస్తే పద్ధతి, కోడలు చేస్తే అవతలి బుద్ధి.

కూతురు పుట్టాక ఆమె కోరింది ఒక్కటే. చనిపోయిన తన తల్లి కుట్టిన బొంత మీద బిడ్డను పడుకోబెట్టాలని. అవతల బొంతలు నడుమ నుంచి చుట్టలు చుట్టలుగా కుడతారు. ఇవతల గీత గీసినట్టు నిలువు వరసలు.

"సుడిగుండం మీద పసిపిల్లను పడుకోబెడతావా?" అని అత్త ఆ బొంతను అటకెక్కించింది. "నా పిల్లలంతా పెరిగిన బొంత ఉంది. అచ్చంగా మన కుట్టు. అంచులు పోయాయి, బాగుచెయ్యి. లోపల మాత్రం కెలక్కు."

అత్త ఇచ్చిన బొంత తీసుకుని కోడలు వసారాలో కూర్చుంది. పాత దారం ఒకటి లాగితే పై గుడ్డ సగం ఊడి వచ్చింది. కింద ఇంకో బొంత. చుట్టలు చుట్టలుగా, అచ్చం అమ్మ కుట్టినట్టే.

కాళ్ళు నేల మీద ఆగలేదు. బొంత మోసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. "అత్తయ్యా, చూడండి! ఇది మా వైపు కుట్టండీ!"

అత్త ముందు వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చింది.

"మా అమ్మ కుట్టింది. మాదీ అవతలే. ఈ పై గుడ్డ మా అత్తగారు నా చేతే వేయించింది. మీ మామయ్య పోయాక ఈ సంగతి ఎవరికీ తెలీదు. నీ మొగుడికి కూడా."

"మరి నన్నెందుకు అన్ని మాటలంటారు?"

"నిన్ను వెనకేసుకొస్తే, నా పుట్టిల్లెక్కడో జనం ఆరా తీస్తారు."

అత్తా ఒకింటి కోడలే అంటారు. ఆ సామెత మీద ఆశతో కోడలు అడిగింది. "అయితే అమ్మ బొంత దించనా అత్తయ్యా?"

"దించు. పైన మంచి గుడ్డ వేసి, మన కుట్టు కుట్టి, అప్పుడు ఉయ్యాల్లో వెయ్. ముందు ఇది కానియ్. దగ్గర దగ్గరగా కుట్టు, మళ్ళీ విప్పే పని పడకూడదు."

కోడలికి మనసొప్పలేదు. అయినా కుట్టింది. అత్త తల్లి చుట్టల మీదుగా, ఆ తర్వాత తన తల్లి చుట్టల మీదుగా నిలువునా సూది దింపుతూ పోయింది. రెండో బొంతకు వచ్చేసరికి చెయ్యి తిరిగింది. ఒక్క వరసా వంకర పోలేదు.

బిడ్డను చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ బొంత తడిమి మురిసిపోయింది. "ఎంతైనా మన కుట్టే కుట్టు. అవతలివాళ్ళకి ఈ పనితనం ఎక్కడ ఏడ్చింది?"

అత్త కోడలి వంక చూసింది.

"వాళ్ళకంత తెలివెక్కడిదండీ," అంది కోడలు, ఉయ్యాల ఊపుతూ.