గద్ద తగిలిన అద్దం

నేను ఒక చిన్న విమానానికి ముందు అద్దాన్ని. అద్దమంటే మొహం చూసుకునేది అనుకునేరు, అంత భాగ్యం నాకెక్కడిది! నాలోంచి అందరూ మబ్బుల్ని చూశారు, కొండల్ని చూశారు. నన్ను చూసినవాళ్లు లేరు. కనబడకుండా ఉండటమే నా ఉద్యోగం.

నిజం చెప్పాలంటే నేను గాజును కూడా కాదు. సముద్రాల అవతల ఎక్కడో ప్లాస్టిక్ పలకను వేడిచేసి, వంచి, నన్ను తయారుచేశారు. నాలుగు సీట్ల విమానానికి బిగించారు. ఇద్దరు యజమానులకు మొహం మొత్తాక, ఒంగోలు అవతల గ్రానైట్ క్వారీలున్న మాలకొండారెడ్డి కొన్నాడు. ఒక్క లారీతో మొదలై ముప్పై లారీలకు ఎదిగిన మనిషి. క్వారీ పక్కనే సొంతంగా రన్‌వే వేయించుకున్నాడు.

విమానం నడిపేది దాక్షాయణి. బాగుచేసేది మస్తానయ్య. రోజూ పొద్దున్నే అతను తన పాత పంచె గుడ్డతో నన్ను పైనుంచి కిందికి తుడిచేవాడు. గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయని భయం. తుడిచాక లోపలున్న ఆమెను అడిగేవాడు:

"కనబడతందా కెప్టెనమ్మా?"

"కడిగిన ముత్యంలా ఉంది మస్తానయ్యా."

ఆ రెండు మాటలూ నా గురించే కదా అని పొంగిపోయేదాన్ని. పిచ్చిదాన్ని.

మాలకొండారెడ్డికి ఒక అలవాటుంది. అమావాస్య అమావాస్యకీ లారీలకు దిష్టి తీసి, కోడిని కోయించేవాడు. విమానమైతే మాత్రం ఏం, అదీ బండే కదా! మా చక్రాల ముందూ కోడి తెగేది. పేగులూ ఈకలూ కంచె దగ్గర పారేసేవాళ్లు. మూడు నెలలు తిరిగేసరికి గద్దలకు తిథులు తెలిసిపోయాయి.

"గద్దలు మరిగాయి సార్. ఒక్కటి తగిలినా ప్రాణం మీదికొస్తుంది. ఇది మానేద్దాం" అంది దాక్షాయణి.

"చూశావా అమ్మాయ్, దిష్టి ఎంత ముదిరిందో! ఇంక కోడితో ఆగేట్టు లేదు. ఈసారి పొట్టేలును కోయిస్తా."

ఆమె తల పట్టుకుంది. అన్నట్టే పొట్టేలు తెగింది. గద్దలు రెట్టింపయ్యాయి. గంటసేపు ఆగుదామని ఆమె బతిమాలితే, రాహుకాలం వచ్చేస్తుందని ఆయన పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. దారిలో గద్దలు లేవని రెండుసార్లు చూసుకుని ఆమె విమానం లేపింది.

మూడు వందల అడుగుల ఎత్తులో, కాళ్ల మధ్య పేగు ముక్కతో ఒక గద్ద అడ్డం వచ్చింది. ఆపాలనుకున్నాను. ఒట్టు, శాయశక్తులా ఆపాలనుకున్నాను. నా వల్ల కాలేదు. ఎడమ సగం పగిలిపోయి, నా ముక్కే ఆమె ఎడమ కంట్లో దిగింది. ఈ మాట ఇన్నాళ్లకు మీకే చెబుతున్నాను.

గాలి హోరున లోపలికి కొట్టింది. వెనక రన్‌వే మీద ఇంకా గద్దలు గిరికీలు కొడుతున్నాయి. ఎదురుగా క్వారీ లారీలు తిరిగే రోడ్డొకటే దిక్కు.

"సార్, నాకు ఎడం పక్క కనబడటం లేదు. ఏముందో అరిచి చెప్పండి!"

ఆ రోడ్డు వేయించినవాడు మాలకొండారెడ్డే. జీవితంలో మొదటిసారి ఇంకొకరు చెప్పినట్టు విన్నాడు.

"స్తంభం దాటాం! లారీల్లేవు! తూము కూడా దాటాం, దించు తల్లీ, దించు!"

దించింది. ఒక చక్రం విరిగింది, అంతే. ఆయన ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆమెకు కన్ను పోయింది, కంటితోపాటు లైసెన్సూ పోయింది.

విమానానికి కొత్త అద్దం వచ్చింది, కొత్త పైలట్ వచ్చాడు. నన్ను పారేయడానికి మస్తానయ్యకు చేతులు రాలేదు. షెడ్డు మూలన బల్లమీద, గోడకు కాస్త ఎడంగా, అటే తిప్పి నిలబెట్టాడు. ఆకాశం చూసిన నాకు వెల్ల రాలుతున్న గోడ మిగిలింది. ఏడాదిపాటు నా దగ్గరికొచ్చింది దుమ్మొక్కటే.

ఒక అమావాస్య నాడు దాక్షాయణి వచ్చింది, నల్ల కళ్లద్దాలతో. మాలకొండారెడ్డి ఎదురెళ్లాడు.

"మానేశానమ్మా. కోడీ లేదు, పొట్టేలూ లేదు."

"చూశాను సార్. గద్దలు మాత్రం ఇంకా కంచె మీద కూర్చునే ఉన్నాయి."

ఆయన తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆమె షెడ్డులోకొచ్చి, స్టూలు లాక్కుని నా వెనక కూర్చుంది, సరిగ్గా ఇదివరకు సీటుండే దూరంలో. బయట విమానం లేచిన చప్పుడు వినిపించింది. ఆమె తల తిప్పలేదు. నల్ల కళ్లద్దాలు తీసి, పగలని నా కుడి సగంలోంచి ముందుకే చూస్తోంది.

మస్తానయ్య వచ్చాడు. జేబులోంచి పంచె గుడ్డ తీసి, గోడకూ నాకూ మధ్య దూరి, దుమ్మంతా తుడిచాడు. పైనుంచి కిందికి. అలవాటున నోరు జారాడు:

"కనబడతందా కెప్టెనమ్మా?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె నాలోంచి గోడనే చూసింది.

"కడిగిన ముత్యంలా ఉంది మస్తానయ్యా."