ముందే పెట్టిన సంతకాలు

అత్తగారితో వేగడం ఎంత కష్టమో లాయరమ్మని అడగాలి. ఆ పెద్దావిడ తన గుర్తింపు కార్డు జిరాక్సు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, ముందు తన ఫొటో మీదుగా ఒక అడ్డగీత గీస్తుంది. గీత మీద 'గ్యాసు కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి, అప్పుడు చేతిలో పెడుతుంది. ఒకప్పుడు ఆవిడ పేరు మీద ఎవరో రెండేళ్ళపాటు సిలిండర్లు ఎత్తుకెళ్ళారట. "మా అత్తకి తన మొహమంటే తనకే పడదు" అని లాయరమ్మ చెప్తుంటే కుట్టు షెడ్డులో ఆడవాళ్ళు మిషన్లు ఆపి మరీ నవ్వేవారు.

లాయరమ్మ లాయరు కాదు. కాలర్లు కుడుతుంది. కాలరుకి మూడున్నర రూపాయలు. షెడ్డులో ఉన్న పధ్నాలుగు మందిలో కాగితం చదివి అర్థం చెప్పగలిగింది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

ఆ రోజు, షెడ్డులో గుండీలు కుట్టే గుండీలక్క ఫైనాన్సు ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. పూట కూలి పోయింది. కూతురి నర్సింగు ఫీజు కట్టడానికి శనివారం ఆఖరు. లోను ఇవ్వం పొమ్మన్నారట. ఆమె పేరున ఇప్పటికే రెండు ఫోన్లు, ఒక ఫ్రిజ్జు వాయిదాల మీద ఉన్నాయట. ఎనిమిది నెలలుగా ఒక్క వాయిదా కూడా కట్టలేదట.

"ఫ్రిజ్జంట," అంది గుండీలక్క తన మిషను ముందు కూలబడుతూ. "మా గదిలో అది పెడితే మేం బయట పడుకోవాలి."

ఎవరూ నవ్వలేదు. అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. జేబులు కుట్టే ఆవిడ దాన్ని పైకే అనేసింది: బండి లాగే ఆ మొగుడు ఎక్కడో ఇంకో కాపురం పెట్టుంటాడు, ఫ్రిజ్జు అక్కడే ఉంటుంది. గుండీలక్క కాదనలేదు. దారిలోనే ఫోన్ చేసి, ఇంటి గడప తొక్కొద్దని చెప్పేసిందట. కూతురి మీద ఒట్టేశాడట. ఒట్టు కూడా వేస్తావా అని ఇంకో నాలుగు తిట్టిందట.

బతిమాలి తెచ్చుకున్న కాగితం ఒకటి లాయరమ్మ చేతిలో పెట్టింది. ఫ్రిజ్జు లోనుకి ఇచ్చిన గుర్తింపు కార్డు కాపీకి నకలు అది.

"నువ్వు చూసి చెప్పమ్మా. సంతకం నాదేనా?"

సంతకం ఆమెదే. దాని పక్కన చిన్న టిక్కు ఉంది. లాయరమ్మ గుర్తుపట్టింది. ఆ టిక్కు తనది.

బోనసుకని, గేటు పాసుకని కంపెనీ ఆఫీసు మాటిమాటికీ కార్డు కాపీలు అడిగేది. జిరాక్సుకి వెళ్తే పూట కూలి కోత. కిందటేడు లాయరమ్మే ఉపాయం చెప్పింది. మనిషికి పది కాపీలు తీయించి, అన్నిటి మీదా ఒకేసారి సంతకాలు పెట్టి సూపర్‌వైజరు సొరుగులో పడేస్తే సరి. ఎక్కడ సంతకం పెట్టాలో తెలీనివాళ్ళకి తనే టిక్కులు కొట్టింది. తేదీ లేదు, దేనికోసమో రాయలేదు, సొరుగుకి తాళం లేదు. నూట నలభై కాగితాలు. తెలివంటే నీదేనని అందరూ మెచ్చుకున్నారు.

"నీదే," అని కాగితం మడిచి ఇచ్చేసింది లాయరమ్మ. అబద్ధం చెప్పలేదు. అంతవరకే చెప్పింది.

ఆ సాయంత్రం వరకూ కుట్టిన కాలర్లలో పదకొండు వంకర పోయాయి. ఇంటికెళ్ళాక కూర తరుగుతూ, ఎవరైనా మన పేరున అప్పు తీసుకుంటే ఏం చెయ్యాలని మాటవరసకి అడిగినట్టు అత్తగారిని అడిగింది. పోలీసులకి రాసిచ్చి, ఆ రసీదు పట్టుకుని అప్పిచ్చినవాడి దగ్గర కూర్చోవాలని ఆవిడ చెప్పింది. ఆలస్యం చేస్తే ఇంకో అప్పు పుడుతుందట.

"ఎవరికొచ్చింది ఆ కష్టం?"

"ఎవరికీ లేదత్తయ్యా."

"ఎవరికీ లేకపోతే నీ మొహం అట్లా ఉందేం?"

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు మిషన్ల మధ్యకి వచ్చాడు. కొత్త బీమాకి కాగితాలు కావాలన్నాడు. పాత కాపీలు నిండుకున్నాయి, మళ్ళీ పదేసి పెట్టించెయ్యమని లాయరమ్మకి పురమాయించాడు. జేబులావిడ అప్పుడే కార్డు కోసం సంచీలో చెయ్యి పెట్టింది.

లాయరమ్మ మిషను ఆపింది.

"ఎవరూ ఇవ్వకండి," అంది. "ఏడాదిలో మీరు అడిగింది నాలుగుసార్లు సార్. మిగతా ఆరేసి ఏమైనట్టు?"

అతను నవ్వాడు. "నన్నడుగుతావేంటి? సొరుగులో పెట్టమన్నదెవరు? నువ్వు కాదూ?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అతన్ని దొంగ అంటే షెడ్డంతా తన వెనకే నిలబడుతుందని లాయరమ్మకి తెలుసు. అతను దొంగో కాదో మాత్రం తెలియదు. గుండీలక్క దారం తెంపబోయి, అలాగే చూస్తోంది.

"నేనే," అంది లాయరమ్మ. గుండీలక్క వైపు తిరిగింది. "అక్కా, మీ ఆయన ఏం కొనలేదు. నీ సంతకం పక్కన టిక్కు కొట్టింది నేను. నిన్న కాగితం చూడగానే తెలిసింది. ఆయన్ని ఇంట్లోకి రానివ్వలేదని తెలిసి కూడా, సిగ్గేసి నోరు మూసుకున్నా. తప్పు నాదక్కా."