నాలుక కింద మాత్ర

సుగ్గి లారీ వెళ్ళిపోయాక ఆ వీధిలో మిగిలినవి తాళాలే. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు అది. పత్తి ఏరడం అయిపోగానే పిల్లాజెల్లాతో, గంపల్లో కోళ్ళతో సహా జనం గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోతారు. దాన్నే సుగ్గి అంటారు. ఇన్నేళ్ళలో హులిగమ్మ ఆ లారీ ఎక్కకపోవడం ఇదే మొదలు.

ఎక్కాలనే మూట కట్టుకుంది. మేస్త్రి ఈరేషే దింపేశాడు. "గుండె జబ్బు మనిషివి. ఆడ నీకేమన్నా అయితే నేను ఎవురికి జవాబు సెప్పల్ల పెద్దమ్మా?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఆమెకు ఎక్కువ బాధ కలిగింది.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరమ్మ నందిని చిన్న మాత్రలు ఇచ్చి చెప్పింది. "ఛాతీ పట్టేస్తే ఎక్కడున్నా వెంటనే కూర్చుని, ఇది నాలుక కింద పెట్టుకో. మింగొద్దు. కరిగేదాకా మాట్లాడొద్దు."

"ఇంత సిన్న మాత్ర ఏం సేస్తాదమ్మా?"

"దీంట్లోంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అని ఒకటి పుడుతుంది. మన రక్తనాళాలు సొంతంగా కూడా దాన్ని కాస్త కాస్త తయారుచేసుకుంటాయి. నీవి సరిగా చేసుకోవడం లేదు. అది తగిలితే బిగుసుకున్న నాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. దిగిందని గుండె కంగారుపడి కాసేపు గబగబా కొట్టుకుంటుంది. తల పోటు పెడుతుంది. దానికి భయపడకు. నిలబడితే మాత్రం కళ్ళు తిరిగి పడిపోతావు. నొప్పి తగ్గకపోతే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి కదా, పక్కన మనిషి ఉంటే మంచిది. ఇంట్లో ఎవరుంటారు?"

"ఉండారమ్మా" అంది హులిగమ్మ. భర్త పోయి ఎన్నో ఏళ్ళయింది. పిల్లలు లేరు. అయినా ఎవరూ లేరని ఆ గదిలో, అంతమంది ముందు, నోరు రాలేదు.

అప్పటినుంచి మాత్ర కొంగు ముడిలోనే ఉంది. డాక్టరమ్మ చెప్పినవాటిలో ఆమెకు గట్టిగా పట్టుకున్నది ఒకటే, పక్కన మనిషి ఉండాలని.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర బిందె ఎత్తుకోబోతుంటే నొప్పి వచ్చింది. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంది. ఎడమచెయ్యి లాగేసింది. అక్కడే కూర్చుని మాత్ర పెట్టుకోవాల్సింది. కానీ చుట్టూ చూస్తే మనిషి లేడు. బిందె వదిలేసి, గోడలు పట్టుకుంటూ బయలుదేరింది. తాళం, తాళం, ఇంకో తాళం. అడుగు వేసేకొద్దీ రొమ్ము మీది మోకాలు ఇంకా గట్టిగా నొక్కుతోంది.

వీధిలో తెరిచి ఉన్న తలుపు ఒకటే, తోడికోడలు ఈరమ్మది. మోకాళ్ళు వాచి ఆమె కూడా ఈసారి సుగ్గికి పోలేదు. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే సాలులో జతగా కాయలు కోసినవాళ్ళు. పోయిన సుగ్గిలో ఈరమ్మ అందరి ముందు, "మా అక్క సెయ్యి సాగల్యా, పని ఎనకబడతాంది, నాకు ఏరే జత సూపియ్యి" అని మేస్త్రిని అడిగింది. ఆ మాట తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట లేదు.

హులిగమ్మ ఆ ఇంటి అరుగు మీద కూలబడి, ముడి విప్పి, మాత్ర నాలుక కింద పెట్టుకుంది.

చప్పుడుకు ఈరమ్మ గడపలోకి వచ్చింది. "ఏమక్కా, దావ తప్పి వచ్చినావా?"

హులిగమ్మ నాలుక కింద మాత్ర ఇంకా కరగలేదు.

"ఏం కావల్ల?"

హులిగమ్మ చెయ్యి ఊపబోయింది గానీ అది లేవలేదు.

"నా అరుగు మీదికొచ్చి నాతోనే పలకవా? నోరిప్పితే ముత్యాలు రాల్తాయేమో. నా కూతురు మల్లేశ్వరి పెండ్లికీ ఇంతే కదా, వచ్చినావు, అన్నం ముట్టకుండా పోయినావు. సెయ్యి సాగల్యా అంటే అంత రోషమా? సాగితే నేనెందుకు అంటాను? రోగమని నాకు సెప్పినావా? ఆ ఈరేష్‌గాడు సెప్తే తెలిసె నాకు."

హులిగమ్మ కణతలు అదురుతున్నాయి. ముఖం వేడెక్కింది. గుండె దడదడలాడింది. డాక్టరమ్మ చెప్పిన కంగారు ఇదే కాబోలు అనుకుంది. తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. రొమ్ము మీది మోకాలు మెల్లగా పక్కకు జరుగుతోంది.

"కండ్లు మూసుకుంటే పోతానా నేను? యాడికి పోదును? ఈ మోకాళ్ళతో కొళాయి దాకా గూడా పోలేను. కుక్కలు గూడా ఊరు ఇడిసి పోయినాయి. పొద్దన లేసినాక మనిషి మొగం సూడ్డం ఇదే."

మాత్ర కరిగిపోయింది. నొప్పి పోయింది. ఇప్పుడు నోరు తెరవొచ్చు. తెరిస్తే, మాత్ర వేసుకునేదానికి వచ్చినానని చెప్పాలి. చెప్పాక లేచి ఇంటికి పోవాలి. అక్కడ తాళం తియ్యాలి.

హులిగమ్మ మాత్ర ఇంకా ఉన్నట్టే నాలుకను కిందికి అదిమి, పెదవులు బిగించుకుంది.

"సూడు, ఇంగా పలకదు" అంటూ ఈరమ్మ మోకాళ్ళు చేత్తో పట్టుకుని, మూలుగుతూ, గడప మీద కూర్చుంది. "అదొకటేనా? ఆ పొద్దు సేన్లో ఏమంటివి నన్ను?"